మూడో పిలుపు

విజయనగరం అవతల, మూతపడ్డ గోనె మిల్లులో
రెండువేల నలభై ఏడో సంవత్సరాన్ని కడుతున్నారు,
మేకులు కొట్టి, నీలం బల్బులు పెట్టి,
ప్లైవుడ్డుకి వెండిరంగు పూసి.
దుమ్ము మాత్రం పాతదే, జనపనార దుమ్ము.
ఎంత ఊడ్చినా వచ్చి
హీరో నల్లకోటు మీద వాలుతోంది.

నాకిచ్చిన వేషం కోర్టు బంట్రోతు విగ్రహం.
నలభై ఏడులో బంట్రోతులుండరట.
గుర్తుగా ఒక మైనపు బొమ్మని
వరండాలో అద్దం వెనక నిలబెడతారట.
ఎర్ర డవాలీ, ఇత్తడి బిళ్ళ, తెల్ల తలపాగా.
"కదలకూడదు తాతా, రెప్ప కూడా వద్దు" అంది డైరెక్టరమ్మ.
రోజుకి పన్నెండొందలు, మధ్యాహ్నం బిరియానీ.
ముప్పై రెండేళ్ళు జిల్లా కోర్టు గుమ్మంలో నిలబడ్డవాణ్ణి,
నిలబడ్డం నాకొకరు నేర్పాలా?

ఈ సీరియల్లో జడ్జి మనిషి కాదు.
గోడంత వెలుగు. పేరు న్యాయనేత్రి.
దానికి దగ్గు రాదు, కునుకు రాదు,
వాయిదా అన్న మాటే నేర్పలేదు.
పదకొండు సెకన్లలో తీర్పు.
పేరు కూడా అదే పిలుస్తుంది, ఒక్కసారి,
ఏ ఊరిదీ కాని తెలుగులో.
మనిషి ఎదురుగా లేకపోతే
పచ్చ గీత ఎర్రబడుతుంది.
గైర్హాజరు. కొట్టివేత.

నేను మూడుసార్లు పిలిచేవాణ్ణి.
మొదటిది రికార్డు కోసం.
రెండోది వరండా దాటి
సైకిల్ స్టాండు దాకా, టీ బడ్డీ దాకా.
రెండుకీ మూడుకీ మధ్య, అదిగో,
అక్కడుంది నా ఉద్యోగమంతా.
తలపాగా సర్దుకునేవాణ్ణి.
చెప్పులో లేని రాయి దులుపుకునేవాణ్ణి.
జడ్జీగారు కళ్ళజోడు మీంచి చూస్తే
గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గేవాణ్ణి.
ఆ దగ్గులోనే సాలూరు బస్సు వచ్చేది.
సగం టీ వదిలేసి ఎవడో పరిగెత్తుకొచ్చేవాడు.
చంటిపిల్ల తల్లి మెట్లెక్కుతూ కేకేసేది:
"ఒచ్చీసినాను బాబూ, ఒచ్చీసినాను!"
చట్టంలో ఎక్కడా లేని ఆ అరనిమిషానికి
నాకెవరూ జీతమివ్వలేదు,
కోత కూడా పెట్టలేదు.

ఒక్కరోజు తప్పింది.
మా గుంటడికి జ్వరం, మనసు ఇంటికాడ ఉంది.
మూడు పిలుపులూ ఒక్క ఊపిరిలో పిలిచేశాను.
ఆమె వచ్చేసరికి ఫైలుకి తాడు కట్టేశారు.
గజపతినగరం బస్సు ఆగిపోతే
బొండపల్లి కాణ్ణించి నడిచొచ్చిందట.
మొగుడి చావుకి నష్టపరిహారం కేసు.
మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చని ప్లీడరు చెబుతున్నాడు,
వినలేదు. నన్ను కూడా ఏమీ అనలేదు.
మెట్టు మీద కూర్చుని, పాదం తిప్పి, ముల్లు తీసుకుంది.
తర్వాత మా కోర్టులో ఆ పేరు పిలిచే పని పడలేదు.

ఏడో టేకు.
కథలో వాది రావడం ఆలస్యం.
న్యాయనేత్రి పిలిచింది. పచ్చ గీత వణికింది.
అద్దం వెనక మైనపు బొమ్మ నోరు తెరిచింది.
"కోరాడ అప్పలనరసమ్మా..."
రేకుల కింద పావురాలు లేచాయి.
"కోరాడ అప్పలనరసమ్మా..."
ఈసారి బాయిలర్ గది దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

కట్ అన్నారు. లైట్‌బాయ్‌లు పడి పడి నవ్వారు.
డైరెక్టరమ్మ నవ్వలేదు.
"ఎవరు తాతా ఆమె? స్క్రిప్టులో లేదే?"
ఏటి చెప్పను?
తలపాగా సర్దుకున్నాను.
చెప్పు విప్పి దులుపుకున్నాను.

మొన్న సీరియల్లో ఆ ముక్క వేశారు.
నా గొంతు తీసేసి వయొలిన్ పెట్టారు.
బొమ్మ పెదాలు కదులుతున్నాయి, అంతే.
"ఏటన్నావక్కడ?" అంది మా ఆవిడ, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ.
ఒక పేరన్నాను.
రెండుసార్లే అన్నాను. మూడోది అనలేదు.

అనను కూడా.
ఆమె బొండపల్లి దాటిందో లేదో,
ఇంకా నడుస్తూ ఉంటుంది.